మేడ దిగని కుక్క

టినాకోను మేడ మీంచి దించమని ఆరసేలి ఏడాది పాటు నోరు నొప్పి పుట్టేలా పోట్లాడింది. దించాక తెలిసింది, అంతకన్నా ఆ పోట్లాటే తేలికని.

ఎదురింటి దోన్ ఎరిబెర్తో ఆ కుక్కను పిల్లగా ఉన్నప్పుడే పైకెక్కించాడు. ప్యూబ్లా ఊళ్లో అదేం వింత కాదు. ఆ పేటలో సగం ఇళ్ల మేడల మీద నీళ్ల ట్యాంకూ, గ్యాసు బండలూ, ఆరేసిన బట్టలూ, వాటితో పాటు ఒక కుక్కా ఉంటాయి. కుక్క ఉంటే బట్టలు పోవని లెక్క. ట్యాంకు నీడ ఎటు తిరిగితే అటు జరిగి పడుకునేది గనక దానికి ట్యాంకు పేరే పెట్టి, టినాకో అన్నాడాయన. ఆ పేరు పెట్టడం తప్ప దానికోసం ఆయన చేసింది పెద్దగా ఏమీ లేదు. గుర్తొచ్చినప్పుడు ఎండిపోయిన రొట్టెలు పైకి విసిరేవాడు. ఊరి పక్కనున్న అగ్నికొండ బూడిద రాలిన రోజుల్లో గోధుమరంగు కుక్క కాస్తా బూడిదరంగుకు తిరిగేది. మళ్లీ వాన పడేదాకా అలాగే ఉండేది.

ఆరసేలి కొట్టు సరిగ్గా ఆ మేడకు ఎదురుగా ఉంది. కాగితాలు, పెన్సిళ్లు అమ్ముకుంటూ, బడిపిల్లలకు జిరాక్సులు తీసిపెడుతూ ఎప్పుడు తలెత్తినా పిట్టగోడ మీంచి కిందికి వేలాడే ఆ తలే కనిపించేది. ఒక మధ్యాహ్నం వడగళ్లు పడ్డాయి. దాక్కునే చోటు లేక అది ట్యాంకు చుట్టూ పిచ్చెత్తినట్టు తిరుగుతుంటే చూడలేక, వాన వెలవకముందే రోడ్డు దాటి వెళ్లి తలుపు కొట్టింది.

"తీసుకుపో," అన్నాడు దోన్ ఎరిబెర్తో, నోట్లో పుల్ల తీయకుండానే. "ఏడాదిగా నా చెవులు తింటున్నావు. కానీ ఒక మాట. దానికి నువ్వు ఇల్లు వెతకలేకపోతే మళ్లీ నా మేడే. నా బట్టలకి కాపలా ఎవరుంటారు మరి?"

"నెల తిరక్కుండా వెతుకుతాను," అంది ఆరసేలి. తనే ఉంచుకునే దారి లేదు. మోకాలి ఆపరేషన్ అయిన అత్తగారు నెలాఖరు ఆదివారం నాటికి వీళ్లింటికే వస్తోంది. కర్ర పట్టుకుని అడుగులో అడుగేసే మనిషి కాళ్ల మధ్య కుక్క తిరిగితే ఇంకో మోకాలు కూడా పోతుంది.

మెట్లు దిగడం టినాకోకు రాదు. ఆరసేలి భర్త ఎవెరార్దో దాన్ని సిమెంటు బస్తాలా భుజాన వేసుకుని దించాల్సి వచ్చింది. ఇంటి గడప దగ్గర దించేసరికి లోపలికి ఒక్క అడుగు వేయలేదు. అది పుట్టి బుద్ధెరిగి నెత్తిమీద ఆకాశం తప్ప ఇంకోటి ఎరగదు. పైకప్పు వంక అనుమానంగా చూసి, పెరట్లోకి పోయి, కాగితాల అట్టపెట్టెల గుట్ట ఎక్కి కూచుంది. పెట్టెలు కూలాయి. అప్పుడు బట్టలుతికే బండ ఎక్కింది. అది చాల్లేదేమో, ఎవెరార్దో నడిపే సిటీ వ్యాను మీదికి ఎక్కింది.

మర్నాడు పొద్దున ఆయన చూసుకోకుండానే బండి తీశాడు. సంత దాకా వెళ్లాక గానీ, అందరూ తనను చూసి ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు.

"ఏమే ముసలీ," అన్నాడు ఇంటికొచ్చి. ఆమెకు నలభై నిండకముందు నుంచీ అదే పిలుపు. "నా బండెక్కేవాళ్లు తక్కువయ్యారని చెప్పానా నీకు? ఇవాళ ఒకడు టికెట్ కూడా తీసుకోలేదు."

"దాని మీద అరవకు. అసలే భయంగా ఉంది దానికి."

"దానికి భయమా? వంతెన కింద నుంచి పోతుంటే దర్జాగా తల వంచుకుందట. కండక్టరుగా పెట్టుకోమంటున్నారు."

మనుషులతో ఇంకో తంటా. అన్నేళ్లూ అది మనుషుల్ని మేడ మీంచి చూసింది. అంటే నడినెత్తులే చూసింది. ఇప్పుడు వాళ్లకు కళ్లూ ముక్కూ కూడా ఉంటాయని తెలిసేసరికి దానికి ఎక్కడలేని కంగారూ పుట్టింది. కొట్టు ముందుకు ముఖం వస్తే చాలు, మొరుగుడు. ఒకసారి ఒక పంతులమ్మ చిల్లర వెతుక్కుంటూ సంచిలోకి తల వంచితే టక్కున ఆపి, దగ్గరికెళ్లి ఆమె జుట్టు వాసన చూసింది. ఆరసేలి అది కనిపెట్టింది. అప్పట్నుంచి కొట్టుకొచ్చిన వాళ్లందరికీ అదే పాఠం.

"కొంచెం తల వంచండి. ఏం చేయదు."

"నేను అట్టలు కొనడానికొచ్చానా, చర్చికొచ్చానా తల్లీ?"

అలా అని కోపం తెచ్చుకుని పై వీధి కొట్టుకు పోయినవాళ్లు కొందరున్నారు.

కొట్టు తలుపు మీదా, ఫోనులోనూ కుక్క ఫోటో పెట్టింది ఆరసేలి. కింద పెద్ద అక్షరాలతో రాసింది: మేడ మీద పెట్టేవాళ్లు దయచేసి అడగవద్దు. సగంమంది అక్కడే ఆగిపోయారు. "కుక్కను మేడ మీద కాక మంచం మీద పెడతారా?" అని ఒకావిడ ముఖం మీదే అడిగింది. "నా మేడకేం తక్కువ, గచ్చు కొత్తగా చేయించాను," అని ఇంకొకాయన నొచ్చుకున్నాడు.

పళ్ల డాక్టరూ ఆయన భార్యా వచ్చి పొద్దున తీసుకెళ్లి, సాయంత్రానికి తిరిగి తెచ్చారు. ఎత్తుకుని లోపల పెడితే బీరువా ఎక్కి దిగడం లేదట. డాక్టరు ముఖం చూస్తే మొరుగుతోందట, గుడ్డ కట్టుకుంటే ఇంకా మొరుగుతోందట.

పిండిమర యజమాని పెద్ద పెరడుందన్నాడు. మాట నమ్మకుండా తనే కుక్కను వెంటబెట్టుకుని వెళ్లింది ఆరసేలి. నిజంగానే పెద్ద పెరడు, నిమ్మచెట్టు కూడా ఉంది. అయితే గోడకు నిచ్చెన ఒకటి ఆనించి ఉంది. నిచ్చెన దగ్గర ఒక గిన్నె కడిగి బోర్లించి ఉంది.

"ఆ గిన్నె ఎవరికి?"

"దీనికేనమ్మా."

"ఎక్కడ పెడతారు?"

ఆయన నిమ్మచెట్టు వంక చూశాడు. గోడ వంక చూశాడు. "పగలు మాత్రమే పైన. రాత్రి కూడా, వాన లేకపోతే."

"నేను రాసింది చదివారా అసలు?"

"చదివానమ్మా. అందరూ అలాగే రాస్తారు కదా అనుకున్నాను."

దారంతా తాడు లాగుతూ, ఆయన్నీ, మేడలు కట్టే మేస్త్రీలనూ, కుక్కనూ కలిపి తిట్టుకుంటూ ఇంటికొచ్చింది. ఎదురుగా తన గుమ్మం దగ్గర దోన్ ఎరిబెర్తో కుర్చీ వేసుకుని ఉన్నాడు.

"నెలాఖరు ఆదివారం రేపేగా ఆరసేలమ్మా?" అన్నాడు. "పైన చీపురు కొట్టించాను దానికోసం."

 ఆమె పెరటి తలుపు వేసి, అన్నం ముందు కూచుంది. నీళ్ల గిన్నెలో మూతి ముంచుకుంటున్న కుక్కను చూస్తే జాలి వేసింది, ఒళ్లూ మండింది. నీ కోసం ఊరంతా చెడ్డదాన్నయ్యాను, ఒక్క పూట మామూలు కుక్కలా ఉండలేవా అని అడగాలనిపించింది.

ఆ మధ్యాహ్నమే గ్యాసువాడు బండ దించి పెరటి తలుపు తీసి పెట్టి పోయాడు. ఆరసేలి చూసేసరికి తాడు ఉంది, కుక్క లేదు.

వీధి వీధీ తిరిగింది. ఎవరిని అడిగినా చూడలేదన్నారు. మూల మలుపులో మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే ఆవిడ మాత్రం, "కింద వెతుకుతావేం అక్కా, పైన చూడు," అంది. తలెత్తితే నాలుగంతస్తుల పాత భవనం పిట్టగోడ మీంచి ఆ తలే వేలాడుతోంది. దిగడం రాని కుక్క వీధివైపున్న ఇనుప మెట్లు అన్నీ చక్కగా ఎక్కేసింది.

ఆరసేలి ఎక్కేసరికి ఆయాసం ముంచుకొచ్చింది. మేడ మీద వరసలు వరసలుగా దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. ఒక పక్క రేకుల గది, దాని ముందు ఉతికే బండ, బండకు కట్టిన పాత గొడుగు. ఆ భవనానికి కాపలా ఉంటూ, అద్దెవాళ్ల బట్టలు ఉతికిపెట్టే దోన్యా ఎవుఫ్రొసీనా నడుం వంచి దుప్పటి రుద్దుతోంది.

"నీదేనా ఇది?" అంది తలెత్తకుండా. "తీసుకుపో. పిండిన దుప్పటి మీద కూచుంది. మళ్లీ ఉతకాల్సొచ్చింది. అసలే బూడిద రాలి నా ప్రాణం తీస్తోంది, ఇప్పుడిదొకటి. జరగవే, తోక తొక్కుతాను."

చివరి మాట కుక్కతో అన్నది. కుక్క జరిగింది. మొరగలేదు.

ఆరసేలి తాడు వేసి లాగింది. గచ్చు మీద బల్లిలా అతుక్కుపోయింది అది. ఎత్తుకుని మెట్ల దాకా తీసుకెళితే గింజుకుని, జారి, ఉరుక్కుంటూ వచ్చి మళ్లీ బండ కిందే పడుకుంది. మళ్లీ ఎత్తింది. మళ్లీ అంతే. మూడోసారికి ఆరసేలి కూడా అక్కడే తడి గచ్చు మీద కూలబడి, అలుపుతోనో కోపంతోనో కళ్లు తుడుచుకుంది.

"ఏడుపెందుకు, కుక్క కోసం?" అంది దోన్యా ఎవుఫ్రొసీనా.

ఆరసేలి అంతా చెప్పింది. ఎరిబెర్తో మేడ, వడగళ్లు, రేపటి ఆదివారం. చెప్పి, పట్టలేక అడిగింది: "దీన్ని ఇక్కడ వదిలితే కట్టేస్తారా?"

"నేనడిగానా నీ కుక్కను?"

"అడగలేదు. కట్టేస్తారా?"

"కడితే నాతో బజారుకెలా వస్తుంది? ఒక్కదాన్నే పోవాలంటే విసుగు."

"అది మెట్లు దిగదు."

"ఎముకలు పడేసే మాంసం కొట్టు కిందే ఉంది. రోజుకు రెండు మెట్లు దిగుతుంది."

"వాన వస్తే?"

"వానొస్తే నేను లోపలికి పోతాను. దానికి బుద్ధుంటే అదీ వస్తుంది."

"రాదు," అంది ఆరసేలి. "పైకప్పుంటే రాదు. మా ఇంట్లో నెల్లాళ్లు బతిమాలాను. మాంసం చూపించాను. గడప తొక్కలేదు."

అంతలో గదిలోంచి మాడు వాసన వచ్చింది. "నా చిక్కుళ్లు," అంటూ దోన్యా ఎవుఫ్రొసీనా చేతులు తుడుచుకుంటూ లోపలికి పోయింది. టినాకో లేచింది. గడప దగ్గర ఆగి పైకి చూసింది. ఆమె లోపల గిన్నెనూ, పొయ్యినీ, గ్యాసు ధరనూ ఏకధాటిగా తిడుతోంది. కుక్క చెవులు వెనక్కి వాల్చి, పొట్ట నేలకానించి, ఆ తిట్ల వెంట మెల్లగా లోపలికి పాకింది.

ఆరసేలికి చెప్పలేనంత ఒళ్లు మండింది. ఇంత చులాగ్గా వెళ్లేదానివైతే నెల్లాళ్లూ నన్నెందుకు చంపావే అనుకుంది. కానీ లేచి వెళ్లి పిలవలేదు. లోపలి మాటలు వింటూ చాలాసేపు అక్కడే కూచుంది. గిన్నె గీకుతున్న చప్పుడు వచ్చింది, ఆ తర్వాత నాకుతున్న చప్పుడు.

"మాడిన చిక్కుళ్లు తింటోంది," అంది దోన్యా ఎవుఫ్రొసీనా, తల బయటికి పెట్టి. "ఇలాంటిదైతే ఉండనీ. కానీ మీ ఆయన్ని పంపు. ఈ బండ మీద రేకు వేయించాలి, గొడుగు నాకే చాలడం లేదు."

సాయంత్రం ఆరసేలి ఒట్టి తాడుతో దిగింది. దోన్ ఎరిబెర్తో కుర్చీ ఇంకా గుమ్మంలోనే ఉంది.

"దొరికిందా ఇల్లు?"

"దొరికింది."

"ఎక్కడ?"

అబద్ధం చెబుదామనుకుంది. వీధి చివరికి తలెత్తితే అందరికీ కనపడేదాన్ని ఎలా దాచడం? వేలుతో చూపించింది. పిట్టగోడ మీద తల వేలాడుతోంది. పక్కనే ఒక ముసలి చేయి గోడ మీద ఆనుకుని, ఎవరినో తిట్టడానికి వేలు ఆడిస్తూ ఉంది.

దోన్ ఎరిబెర్తో పుల్ల తీసి మరీ నవ్వాడు. "మేడ మీంచి దించి మేడ మీదే పెట్టావా? ఊరందరి చెవులూ తిన్నది ఇందుకా? దానికి నా మేడ ఏం పాపం చేసింది?"

"మీ మేడ మీద మీరు లేరు," అంది ఆరసేలి.

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. "అయితే నా బట్టలకి కాపలా ఎవరు?"

"మీరే ఎక్కి కూచోండి. చీపురు కూడా కొట్టించారుగా," అని, ఎవెరార్దో చేత రేకు మోయించడం ఎలాగా అని విసుక్కుంటూ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.