బానకు రెండో కాడ

ఆ పొద్దున కాంట్రాక్టరు మా ఫౌండ్రీలో ఆడవాళ్లందరికీ చీపుర్లు పంచాడు. ఏళ్ల తరబడి కరిగిన ఇనుము మోసిన చేతులకు చీపుర్లు! నా కళ్లతో చూశాను, మిత్రులారా. చూసి ఊరుకున్నాను కూడా.

మా పని చెబుతాను. కొలిమిలోంచి మరిగే ఇనుము బానలో పడుతుంది. బానకు ముందొక కాడ, వెనకొక కాడ. ముందు మగమనిషి, వెనక ఆడమనిషి. ఇద్దరూ ఒకే అడుగు వేస్తూ ఇసుక అచ్చుల దాకా మోయాలి. అడుగు తప్పితే ఇద్దరి కాళ్లూ కాలతాయి. నిప్పుకి ఆడా మగా తేడా తెలియదు, కూలికి మాత్రం బాగా తెలుసు. నా వెనక కాడ పట్టేది నా భార్యే. ఆమెకిచ్చేది నా కూలిలో సగం. ముందువైపే బరువెక్కువని కాంట్రాక్టరు అంటే సిగ్గులేకుండా నేనూ తలూపాను.

ఒకే పనికి ఒకే కూలి అని దేశమంతటికీ చట్టం వచ్చింది. మాతోపాటు వెనక కాడ పట్టే ముసలామె, పట్టిన మాట వదలదని మేం పటకారత్త అని పిలుచుకునే ఆమె, లేబర్ ఆఫీసుకి అర్జీ పెట్టింది. లేబర్ ఆఫీసరు విచారణకు వస్తున్నాడు. ఈ చీపుర్లు అందుకే.

"అడిగితే ఊడ్చేవాళ్లమని చెప్పండి. నోరు జారారో, రేపట్నుంచి ఒక్క ఆడది కూడా గేటు దాటదు," అన్నాడు కాంట్రాక్టరు. మా మగాళ్ల వైపు తిరిగి, "ఇవాళ్టికి రెండు కాడలూ మీరే పట్టండ్రా," అన్నాడు.

నా భార్య దగ్గరికొచ్చింది. "పట్టుకుంటావా నా కాడ?"

"ఎదురు తిరిగితే నీ పని పోదూ?"

"నువ్వు పట్టుకుంటే ఇవాళే పోతుంది."



ఆఫీసరు వచ్చేసరికి ఇనుము తయారైంది. ఇంకాసేపు ఆగితే కొలిమిలోనే గడ్డకడుతుంది. నేను వెళ్లి ముందు కాడ దగ్గర నిలబడ్డాను. కాంట్రాక్టరు వెనక కాడ పట్టమంటే, "నాకు ఇదొక్కటే అలవాటండీ," అన్నాను. నా తర్వాత ఒక్కొక్కరే వచ్చి మగాళ్లందరూ ముందు కాడల దగ్గరే నిలబడ్డారు.

"వెనక ఎవరు పడతారు?" ఆఫీసరు అడిగాడు.

కాంట్రాక్టరు కొలిమి వంక చూశాడు. ఒళ్లు మరిచాడు. "గుడ్లప్పగించి చూస్తారేంటే! మీ కాడలు పట్టి చావండి!" అని ఆడవాళ్ల మీద అరిచాడు.

"విన్నారుగా బాబూ, రాసుకోండి," అంది పటకారత్త.

ఆఫీసరు పెన్నుకి మూత పెట్టాడు. "నేను చూసింది చీపుర్లే," అని వెళ్లి కాంట్రాక్టరు కార్లోనే ఎక్కాడు.

ఆడవాళ్లు కొలిమి ముందు బైఠాయించారు. పక్కనే మేమూ కూర్చున్నాం. ఇనుము గడ్డకట్టింది. మధ్యాహ్నానికి పోలీసు వ్యాను వచ్చింది.

"మగాళ్లని ఎక్కించండి. ఆ ముసలిదాన్ని కూడా. మిగతా ఆడంగులకేం తెలుసు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నా భార్య లేచింది. "అదేం కుదరదు. వాళ్లు ఆపిన పనే మేమూ ఆపాం. మా మీదా అదే కేసు రాయండి." ఆడవాళ్లంతా వ్యాన్లోకి తోసుకెక్కారు.

ఇన్‌స్పెక్టరుకి రాయక తప్పలేదు. 'ఇనుము మోసే పని ఆపిన కార్మికులు' అని పైన రాసి, కింద ఆడా మగా అందరి పేర్లూ ఒకే వరసలో ఎక్కించాడు. ఆఫీసరు రాయనిది పోలీసే రాసిచ్చాడు.

మమ్మల్ని వదిలారు. అర్జీ పెట్టిందని పటకారత్తను వదల్లేదు. ఆడవాళ్లూ ఇనుము మోస్తారనడానికి సాక్ష్యంగా రేపు ఆ కాగితం కోర్టులో పెడుతున్నాం. ఆమె బయటికొచ్చేదాకా ఆ కొలిమిని రాజెయ్యనివ్వం.