కట్టు విప్పే పొద్దు

సుంకమ్మకు మిగిలింది ఒక్క కన్నే. ఇంకోటి ఎప్పుడో పోయినాది. ఊరి మీదికొచ్చిన సూదివైద్యుడొకడు, పొర దించుతానని సూది గుచ్చి కన్నే తీసేసి పోయినాడు పాపిష్టోడు. మిగిలిన కంటికీ పొర కమ్మితే, కొడుకు ఓబన్న కుందుర్పిలో బస్సెక్కించి బుక్కరాయసముద్రం బడిలో పెట్టిన కంటి క్యాంపుకు తెచ్చినాడు. ఆ కంటికి కత్తి పెట్టింది శ్రీరంగప్ప. వాని జన్మలో అదే మొదటి ఆపరేషను.

శ్రీరంగప్ప అనంతపురం పిల్లోడే. మెడికల్ కాలేజీ కంటి డిపార్టుమెంటులో చదువు నేర్చుకుంటాండాడు. అంతవరకు ప్రొఫెసరు పక్కన నిలబడి పనిముట్లు అందించడమే వాని పని. ఆ దినం ప్రొఫెసరు చేతులు వెనక్కి కట్టుకుని, "ఇది నువ్వు చెయ్యి" అన్నాడు. చేసినాడు.

ఇంక చూడండి వాని అవస్థ! రోగులందరూ బడి గదుల్లో చాపల మీద వెల్లకిలా పండుకోనుండారు. తల అటూ ఇటూ తిరక్కుండా చెవుల పక్కన ఇసుక సంచులు. దగ్గకూడదు, బరువెత్తకూడదు, ముక్కకూడదు. వీడు గంటకొకసారి సుంకమ్మ దగ్గరికి పోయి, "అవ్వా, దగ్గొస్తాందా?" అనేవాడు.

"నాకెందుకొస్తాది నాయనా! నువ్వు ఇన్ని మార్లు అడుగుతాంటే గుండె దడొస్తాంది గానీ" అనేది ఆమె.

ప్రొఫెసరును ఇంకో దిగులు తినేస్తాండాది. ఈ జిల్లాలో ఏ క్యాంపు పెట్టినా కొన్ని కండ్లు బాగా మాని, సరిగ్గా కట్టు విప్పిన దినమే చెడిపోతాండాయి. పొద్దున చూపు వచ్చిందని నవ్వినోళ్ళు సాయంత్రానికి నెత్తి పట్టుకుని ఏడుస్తారు. కాలేజీ ఆసుపత్రిలో ఇట్ల లేదు. ఎండలా, సంగటి తిండా, కుట్టుదారమా అని ఆయన మూడేండ్లుగా వెదుకుతాండాడు. దారం పరీక్షకు మద్రాసు దాకా పంపినాడు పాపం.

సుంకమ్మ కంటే ఒక దినం ముందు ఈరన్న అనే ఇంకో రోగికి కట్టు విప్పినారు. వెలుతురు బాగుంటాదని వసారాలో బెంచీ మీద కూచోబెట్టినారు. ఈరన్న చూసినాడు, "సామీ!" అని ఒక్క అరుపు అరిచి ప్రొఫెసరు బూట్ల మీద పడి, నుదురు బండకు ఆనించి మొక్కినాడు. ప్రొఫెసరు "లే, లే" అని నవ్వినాడు.

సాయంత్రానికి ఈరన్న మూలుగు మొదలైంది. శ్రీరంగప్ప టార్చి వేసి చూస్తే, నల్లగుడ్డు ముందర నెత్తురు పేరుకోనుండాది. పొద్దుటి నుంచి ఈ మనిషి దగ్గలేదు, బరువెత్తలేదు. మరేం చేసినాడు? మొక్కినాడు. తల కిందికి వంచి, ఊపిరి బిగబట్టి మొక్కినాడు, ఆ ఒత్తిడంతా పచ్చి కుట్ల మీద పడినాది. కాలేజీలో కట్టు విప్పేది మంచం మీదనే. డాక్టర్లు విప్పి పక్క మంచానికి పోతారు, కాళ్ళు ఎవరికి దొరుకుతాయి? ఈడ అన్నీ వద్దని చెప్పినాం గానీ, మొక్కొద్దని చెప్పాలని ఎవరికి తోస్తాది?

పరుగున పోయి ప్రొఫెసరుకు చెప్పినాడు. ఆయన తలెత్తలేదు. "ఒక్కణ్ణి చూసి చెప్పేది పరిశోధన కాదయ్యా. దారం సంగతి తేలనీ" అన్నాడు.

సరే, సుంకమ్మకన్నా చెప్పుకుందామని పోయినాడు శ్రీరంగప్ప. "అవ్వా, రేపు కట్టు విప్పినాక ఎవరికీ వంగి మొక్కొద్దు."

"ఏం మాటప్పా అది! చూపిచ్చినోనికి మొక్కకుండా పోతే చూపు నిలుస్తాదా?"

ఓబన్న వాణ్ణి పక్కకు పిలిచినాడు. "ఊరికే చెప్పొద్దన్నా, వినదు. ఆ సూదోనికి కోపంతో మొక్కకుండా లేచొచ్చిందంట. అందుకే ఆ కన్ను పోయిందని మాయమ్మ నమ్మకం. ఈసారి ప్రాణం పోయినా మొక్కుతాది."

పట్టుకుంటే పెనుగులాడుతాది. అరిస్తే ఏడుస్తాది. రెండూ ఆ కంటికి చేటే. ఉండేది ఒక్క కన్ను, అది కూడా నా చేతి మీదుగా పోతాదా దేవుడా అని శ్రీరంగప్ప కుమిలిపోయినాడు.

తెల్లారింది. బెంచీ మీద సుంకమ్మ. ప్రొఫెసరు పక్కన నిలబడి చూస్తాంటే, శ్రీరంగప్ప కట్టు విప్పి, కంటి ముందర మందపాటి కళ్ళద్దం పట్టినాడు. ఆమె రెప్పలు టపటపలాడించింది.

"ఎవరు అగుపిస్తాండారవ్వా?"

"తెల్లకోటు... మొగం... నువ్వేనా? అయ్యో, ఇంత పిల్లోడివా!"

అంటానే బెంచీ మీది నుంచి జారింది. చేతులు వాని కాళ్ళకేసి వస్తాండాయి, నడుము వంగబోతాండాది. ఆమె తల దిగేలోపల శ్రీరంగప్ప దబ్బున నేలమీద బోర్లా పడి, పగుళ్ళు తేలిన ఆ పాదాల మీద తల పెట్టేసినాడు.

"పెద్దదానివి, నువ్వు నాకు మొక్కితే నా ఆయుస్సు తగ్గుతాదవ్వా. నువ్వే దీవించు!"

సుంకమ్మ నిలబడిపోయింది. పిల్లోని ఆయుస్సు తగ్గుతాదంటే ఏ తల్లి మొక్కుతాది? వంగకుండా, చెయ్యి మాత్రం కిందికి చాపింది. వాడే తల పైకెత్తి ఆ చేతికి అందించినాడు. "నూరేండ్లు బతుకు నాయనా" అంది. అని, అంతటితో ఊరుకుందా! ప్రొఫెసరు వైపు తిరిగింది. "ఈ సామి పెద్దాయన గదా, ఈయనకన్నా..."

ప్రొఫెసరు నేలమీదున్న శ్రీరంగప్పను చూసినాడు. వసారా చివర మళ్ళీ కట్టు కట్టించుకుని పండుకున్న ఈరన్నను చూసినాడు. గబుక్కున వెనక్కి జరిగి, ఎప్పుడూ వంగని ఆ తల వంచి, "నువ్వు నాకన్నా పెద్దదానివమ్మా, దీవించు" అన్నాడు.

సాయంత్రం టార్చి వేసి చూస్తే సుంకమ్మ కన్ను తేటగా ఉండాది. నెత్తురు చుక్క లేదు. శ్రీరంగప్పకు ఏడుపే వచ్చింది. ప్రొఫెసరుకు చెబుదామని పోతే, ఆయన ఈరన్న చాప పక్కన నేలమీద కూచోనుండాడు.

"దారం కాదయ్యా," అన్నాడు గొంతు తగ్గించి. "నేను కాళ్ళు వెనక్కి తీసుకుని ఉంటే సరిపోయేది."

ఆ గొంతు గుర్తుపట్టి ఈరన్న పండుకున్నచోటే రెండు చేతులూ జోడించినాడు. "దిగులు పడొద్దు సామీ. నిన్న నీకు మొక్కినా గదా, నా కన్ను బాగైతాది."