రెండో చెంచా

నా కడుపును కోసి టీ గ్లాసంత చేశారు. ఈ మాట మొదటే చెప్పేస్తే తర్వాత ఎవరికీ అనుమానాలుండవు. పాత కడుపు ఎంతుండేదని మాత్రం అడగొద్దు. దానికి కొలత లేదు, పెట్టినవాళ్ళు అలిసిపోయేవాళ్ళు గాని అది అలిసిపోయేది కాదు.

నేను ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెద్ద వంటమనిషిని. మధ్యాహ్నం నాలుగొందల మంది నా చేతి వంట తింటారు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది కనుక వంటింట్లో వాళ్ళు నన్ను కాస్త భయంగానే పెద్దక్కా అని పిలుస్తారు. ఒళ్ళు పెరిగీ పెరిగీ ఈమధ్య మోకాళ్ళు మొరాయించాయి. పొయ్యి దగ్గర గంట నిలబడితే మరో గంట కూర్చోవాల్సి వచ్చేది. కూర్చుని పెత్తనం చేసే వంటమనిషంటే నాకు ఒళ్ళుమంట. అందుకే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను. అందం కోసం కాదు. నా అందానికేం తక్కువ!

మొదట్లో అన్నీ నీళ్ళే. వడకట్టిన కోడి రసం, పప్పు మీది తేట, అవి కూడా ఒక్కో గుటక. తర్వాత మెత్తగా రుబ్బినవి. ఆ తర్వాత పెరుగు, మెత్తగా చిదిపిన గుడ్డు, ముల్లు తీసిన చేప. ఏం తినాలో చెప్పడానికి ఆసుపత్రిలో ఒక డైటీషియన్ ఉంది. నా కూతురికంటే రెండేళ్ళు పెద్దదై ఉంటుందేమో.

"ముందు గుడ్డు, పప్పు, చేప... ఇలాంటివి తినాలమ్మా. తర్వాత కూర. చోటు మిగిలితే అప్పుడు అన్నం," అంది.

"మిగలకపోతే?"

"అన్నం మానెయ్యండి."

అన్నం మానెయ్యమని అంత తేలిగ్గా చెప్పే మనిషిని చూడటం నాకదే మొదలు. ఇంకా చాలా చెప్పింది. తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్న అరగంట దాకా ఆగాలి. ముద్దను నోట్లోనే పిండి చేసి గాని మింగకూడదు. నిండిందనిపించగానే ఆపెయ్యాలి. పాత కడుపు ఏనాడూ 'నిండింది' అని చెప్పిన పాపాన పోలేదు. కొత్తది తుమ్ముతో చెబుతుంది. కొందరికి ఎక్కిళ్ళు వస్తాయట, కొందరికి ముక్కు కారుతుందట. నాకు తుమ్ము. ఇంట్లో నేను తుమ్మితే చాలు, మా అమ్మాయి ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది.

"అమ్మా, తుమ్మావు. గిన్నె ఇలా ఇచ్చెయ్."

నా కడుపున పుట్టి నా చేతిలో గిన్నె లాక్కునేది! అయినా ఇచ్చేసేదాన్ని. మోకాళ్ళు గుర్తొచ్చేవి.

బరువులు ఎత్తకుండా ఉంటే పనిలోకి వెళ్ళొచ్చని డాక్టరు చెప్పగానే క్యాంటీన్‌కు వెళ్ళాను. ఏప్రన్ రెండు చుట్లు తిరిగింది. మెట్లెక్కితే మోకాళ్ళు కిక్కురుమనలేదు. ఆ సంతోషంలో ఉండగానే మేనేజర్ పిలిచాడు. చెడ్డవాడేం కాదు, భయస్తుడు.

"పెద్దక్కా, మీకు స్టోర్ రూమ్‌లో పని చూశాను. కూర్చునే పనే. కుర్చీ కూడా వేయించాను."

"నేనడిగానా కుర్చీ?"

"అది కాదక్కా. మీరిప్పుడు ఏమీ తినలేరు. తినలేని మనిషి రుచెలా చూస్తుంది? ఉప్పు తప్పిందంటే నాలుగొందల మందీ నా మీద పడతారు."

నాకు తల కొట్టేసినట్టయింది. పొయ్యి దగ్గర నిలబడటం కోసమే కడుపు కోయించుకుంటే, కోయించుకున్నందుకు పొయ్యి పోతోంది!

"ఈ వారం నన్ను వండనివ్వండి సార్," అన్నాను. "పళ్ళేల్లో ఎంత మిగులుతుందో ఆ డ్రమ్ములో చూసుకోండి. ఎప్పటికంటే ఎక్కువ మిగిలితే, మీరు చెప్పక్కర్లేదు, నేనే పోయి ఆ కుర్చీలో కూర్చుంటా."

చేతులు కడుక్కునే చోట పెద్ద డ్రమ్ము ఒకటుంటుంది. తినకుండా వదిలేసినదంతా అందులో పడుతుంది. నోటితో పొగిడేవాళ్ళని నేను నమ్మను. డ్రమ్మునే నమ్ముతాను. మేనేజర్‌కూ ఆ సంగతి తెలుసు. సరేనన్నాడు.

నేను లేనన్నాళ్ళూ గరిటె పట్టింది పుల్ల. నా కింద ఏళ్ళ తరబడి పని నేర్చుకున్న పిల్ల. అసలు పేరు ఏదో ఉంది గాని ఎవరూ పిలవరు. నా కళ్ళ ముందే రెండు పళ్ళేలు లాగించి, పుల్లలాగే లేచి వెళ్ళిపోతుంది. అంతకు మించిన అన్యాయం లోకంలో ఇంకోటి లేదు. నేను స్టోర్‌కు పోతే గరిటె దానిదే. ఈ మాట దానికీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం పైకి అనలేదు.

మొదటి రోజు పాత అలవాటు ప్రకారమే రుచి చూశాను. గరిటెతో తీసి, అరచేతిలో వేసుకుని, నాకి, మళ్ళీ ఇంకాస్త వేసుకుని. పప్పు అయింది, రెండు కూరలయ్యాయి. గుడ్ల కూర దగ్గర తుమ్ము వచ్చింది. పోపు ఘాటు అన్నాను. ఎవరూ అడగకుండానే అన్నాను. కోడికూర రుచి చూసి మింగేసరికి గుండెల మధ్య ఇటుక ఇరుక్కున్నట్టయింది. సింకు దగ్గరకు పరిగెత్తాను. అందరి ముందూ, చేసిన వంటంతా చూస్తుండగా, కక్కుకున్నాను.

తలుపు దగ్గర మేనేజర్ నిలబడి ఉన్నాడు. చూసి తల తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది. పుల్ల వచ్చి నా వీపు నిమిరింది. మంచినీళ్ళు పుక్కిలించమంది. తర్వాత నేను చెప్పకుండానే వెళ్ళి కోడికూర చూసి చిటికెడు ఉప్పు వేసింది. వాంతికంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ సాయంత్రం ఇంట్లో నా మొహం చూసి మా ఆయన మెల్లగా దగ్గర చేరాడు. లేత్ మిషన్ మీద ఇనుము చెక్కే మనిషి. ఆయన దృష్టిలో ప్రతిదానికీ ఒక విరుగుడు ఉంటుంది.

"పోనీ నోట్లో వేసుకుని ఊసెయ్యరాదూ?"

"వండింది ఊసే వంటమనిషి చేతి కూడు నువ్వు తింటావా?"

"తినను," అని ఒప్పుకున్నాడు. అంతలోనే, "స్టోర్‌లో అయితే మాత్రం తప్పేముందే? చల్లగా నీడపట్టున కూర్చోవచ్చు," అన్నాడు.

అరుద్దామనే నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. "ఆ పొయ్యి దగ్గర లేకపోతే నేనెవర్ని చెప్పు? మూటలు లెక్కపెట్టే మనిషినా?" అన్నాను. ఆయనకు ఏం చెయ్యాలో తోచక నా చెప్పులు తీసి పక్కన పెట్టాడు.

అమ్మాయి వంటింట్లోకి వెళ్ళి ఏదో వెతుకుతోంది. కాసేపటికి ఒక గిన్నెలో పప్పూ, ఒక చెంచా పట్టుకొచ్చింది. చిన్నప్పుడు దానికి నేను అన్నం తినిపించిన చెంచా. నా బొటనవేలి గోరంత ఉంటుంది.

"రుచి చూడ్డానికి ఎంత కావాలమ్మా?" అని అడిగింది.

"ఓ గరిటెడు..."

"అది తినడానికి. నేనడిగేది రుచి చూడ్డానికి."

ఒళ్ళు మండింది. అయినా చెంచా తీసుకున్నాను. నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాను. ఉప్పు ఒక పలుకు తక్కువ. పులుపు సరిపోయింది. పప్పు ఇంకాస్త ఉడకాలి. అంతా తెలిసిపోయింది. రెండో చెంచా వేసుకున్నాను. కొత్తగా ఏమీ చెప్పలేదు. ఉప్పు అంతే, పులుపు అంతే. నాకు నవ్వొచ్చింది. రుచి చూడటమనే పేరుతో నేను రోజూ భోజనానికి ముందు ఇంకో భోజనం చేస్తున్నానన్నమాట!

"ఒక్క చెంచా చాలు. రెండోది ఆశ," అన్నాను.

"తుమ్మక ముందే కనిపెట్టావు," అని అమ్మాయి గిన్నె తీసుకుపోయింది.

మర్నాడు ఆ చెంచాను మెడలో తాడుకు కట్టుకుందామనుకున్నాను గాని మరీ వేషంలా ఉంటుందని జేబులో పెట్టుకున్నాను. పొయ్యిల వరస మార్చేశాను. పప్పూ గుడ్లూ ముందు దిగాలి. నా కడుపులో ముందు చోటు వాటికే. తర్వాత కోడికూర. కూరగాయలు ఆఖరున. గిన్నెకో చెంచా, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య తీరుబడి. ప్రతిసారీ చెంచా కడుక్కోవడం. నీళ్ళ సీసా అవతలి గదిలో పెట్టించాను, దాహానికి మరిచిపోయి తాగేస్తానని. వంటింటికి వంటిల్లంతా నా తుమ్ము కోసం ఎదురుచూసింది. రాలేదు.

ఆ మధ్యాహ్నం డ్రమ్ము ఎప్పటిలాగే సగం కూడా నిండలేదు. మేనేజర్ వంగి చూసి వెళ్ళిపోయాడు.

తేలిగ్గా గడిచిందని చెప్పను. చేపలు వేయించిన రోజు నోరూరి ప్రాణం విలవిల్లాడింది. అంచులు కరకరలాడుతున్న ముక్క ఒకటి పళ్ళెం చివర నా వంకే చూస్తోంది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, పక్కనున్నవాళ్ళ మీద కారణం లేకుండా అరిచి గండం గట్టెక్కాను. వాళ్ళకు అలవాటే.

వారం ఆఖరున భోజనంతో పాటు తీపి ఉంటుంది. పాలూ బియ్యమూ చక్కెరా కలిపి చిక్కబడేదాకా కాచేది. మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. ఆపరేషన్ తర్వాత తీపి నా ఒంటికి పడటం లేదు. ఇంట్లో ఒకసారి తీపిపాలు నాలుగు గుటకలు తాగి, గుండె దడదడలాడి, చెమటలు పట్టి మంచానికి అడ్డం పడ్డాను. పైగా నాలుక కూడా మారిపోయింది. చక్కెర పలుకు తగిలినా పాకం తాగినట్టుంటోంది. ఆ రోజు చెంచా మొనతో అంటీ అంటనట్టు చూశాను. వెగటు పుట్టింది. ఆ నాలుకను నమ్మితే నాలుగొందల మందికీ చప్పిడి పాలు పోస్తాను.

ఒక్కటే దారి. నాకు ఎంతమాత్రం ఇష్టం లేని దారి.

"పుల్లా, ఇలా రా. రుచి చూసి చెప్పు."

పుల్ల చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"నన్నా అక్కా?"

"నిన్నే. ఇంకో పుల్ల ఉందా ఇక్కడ?"

అది శుభ్రమైన చెంచా తీసుకుని, ఊదుకుని, నోట్లో వేసుకుంది. "బాగుందక్కా," అని చెంచా పక్కన పెట్టేసింది.

ఆ చెంచా వైపు చూశాను. రెండు పళ్ళేలు లాగించే పిల్ల. తీపి అంటే పడి చచ్చే పిల్ల. నా ముందు రుచి గురించి ఎంత మంది ఎన్ని మాటలైనా చెప్పొచ్చు, రెండో చెంచా సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"బాగుంటే ఇంకో చెంచా ఎందుకు తీసుకోలేదే?"

"నువ్వు తినడం లేదు కదా, నేను..."

"కోసింది నా కడుపు, నీది కాదు. నిజం చెప్పు."

పుల్ల తల దించుకుంది. "తీపి చాలదక్కా. ఇంతకుముందు ఎప్పుడు చెప్పినా నువ్వు గరిటె విసిరేదానివి. అందుకని... ఒక్క క్షణం, గరిటె నాకొస్తుందని కూడా అనిపించింది."

నాకు కోపం తన్నుకొచ్చింది. వచ్చినంత వేగంగానూ పోయింది. దాని చోట నేనుంటే ఒక్క క్షణంతో ఆగేదాన్ని కాదు. వారమంతా అదే అనుకునేదాన్ని.

"ఎంత చాలదు?" అని అడిగాను.

"రెండు గిన్నెలు."

నేను కలుపుతుంటే అది చక్కెర పోసింది. కరిగేదాకా కలుపుతూనే ఉన్నాను. మళ్ళీ చెంచా ఇచ్చాను. ఈసారి 'బాగుంది' అనలేదు. అనేలోపే దాని చెయ్యి ఇంకో చెంచా కోసం వెళ్ళింది.

"చాలు," అని పొయ్యి ఆపేశాను. అంత ధైర్యంగా నేను ఏ వంటా దించలేదు, నోట పెట్టి చూసినవి కూడా.

అప్పటికే భోజనాల గంట కొట్టారు. బయట లైను మొదలైంది. మేనేజర్ లోపలికి వచ్చి ఇటూ అటూ చూసి తిన్నగా తీపి గిన్నె దగ్గరకే వచ్చాడు. నేను అది రుచి చూడలేనని ఆయనకు ఎవరు చెప్పారో! చెంచాతో తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నేను ఆయన ముఖం చూడలేదు. చెయ్యి చూశాను. పుల్ల కూడా చెయ్యే చూస్తోంది.

ఆయన చెంచా మళ్ళీ గిన్నె వైపు వెళ్ళింది.

నేను మూత పెట్టేశాను.

"రుచి చూడ్డానికి ఒక్క చెంచా చాలు సార్. రెండోది తిండి. తిండి కావాలంటే పళ్ళెం తీసుకుని లైన్లో నిలబడండి."

పుల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేనేజర్ కాసేపు నా వంక, కాసేపు మూత వంక చూసి, నిజంగానే పళ్ళెం తీసుకున్నాడు.

"సార్," అని వెనక నుంచి పిలిచాను. "స్టోర్‌లో నాకోసం వేయించిన ఆ కుర్చీ ఇటు పంపించండి. గిన్నెడు గుడ్డు నమిలి తినేసరికి నాకు అరగంట పడుతోంది. అంతసేపు నిలబడి తినలేను కదా."