ఎవరూ కాని గొట్టం

మా అమ్మాయి పేగుల్లో ఏమీ లేదని డాక్టరు గారు అన్నప్పుడు, తిండి గురించి అంటున్నారనుకున్నాను. రెండు ముద్దలు తింటే బాత్రూముకు పరుగెడుతోంది, ఇంక పేగుల్లో ఏం నిలుస్తుంది?

"అది కాదమ్మా," అంటూ ఆయన కంప్యూటర్ తెర నా వైపు తిప్పారు. "మనందరి పేగుల్లో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు కాపురముంటాయి. అవి ఉంటేనే తిన్నది ఒంటబడుతుంది. మొన్న జ్వరానికి వాడిన మందులకు మీ అమ్మాయిలో అవి తుడిచిపెట్టుకుపోయినట్టున్నాయి. మీ పేగుల్లోవి తీసి ఆమెలో పెడదాం. వచ్చే వారం చేసేద్దాం. కాకపోతే ఒకసారి పెట్టాక వెనక్కి తీయడం కుదరదు."

అందుకే మొన్న అమ్మాయి మలం శాంపిల్‌తో పాటు నాదీ పరీక్షకు తీసుకున్నారు. తెర మీద ఒక్కో శాంపిల్‌కు ఒక్కో నిలువు పట్టీ, ఒక్కో రకం సూక్ష్మజీవికి ఒక్కో రంగు. నా పట్టీ రకరకాల రంగులతో కిక్కిరిసి ఉంది. అమ్మాయిది మొత్తం ఒకటే బూడిదరంగు. పక్కన మూడో పట్టీ ఒకటుంది. అదీ బూడిదరంగే, అచ్చు అమ్మాయిదాన్ని చూసి దింపినట్టు.

"ఆ మూడోది ఎవరిదండీ?"

ఆయన దాని కింద రాసింది చదివారు. "ఎవరూ కాదు."

"ఎవరూ కాదంటే?"

"ల్యాబ్ వాళ్లు పెట్టుకునే గుర్తులెండి. వాళ్లనే అడగండి," అని ఆయన ఇంకో పేషెంటును పిలిచారు.

ఇంటికి వచ్చి చెబితే మా పిచ్చుక నవ్వింది. చిన్నప్పటి నుంచి బక్కగా ఉంటుందని దానికి ఆ పేరు. "నీ పొట్టలోవి నాలో పెడితే, నేనూ నీలాగే వేసిన గడియ మళ్లీ మళ్లీ లాగి చూస్తానేమోనే అమ్మా."

"చూస్తే నీకే మంచిది. పడుకో."

మధ్యాహ్నం అది నిద్రపోతుంటే దాని పొట్ట మీద చెవి ఆనించాను. లోపల ఎక్కడో దూరంగా చుక్క పడినట్టు ఒక చప్పుడు. ఎవరూ లేని ఇంట్లో కుళాయి కారుతున్నట్టుంది. మళ్లీ వినబడుతుందేమోనని చాలాసేపు అలాగే ఉన్నాను. వినబడలేదు.

మర్నాడు ల్యాబుకు వెళ్లాను. ఆస్పత్రి కింది అంతస్తులో, ఫ్రిజ్‌లు గుర్రుమనే నడవా చివర ఉంది. మాస్కు వేసుకున్న అమ్మాయి తలుపు తీసింది. కళ్లు తప్ప ఏమీ కనబడలేదు.

"ఎవరూ కాదు అంటే ఎవరమ్మా?"

"మనిషి కాదండీ, గొట్టంలో ఉత్త నీళ్లు. మీ శాంపిల్‌కు ఏమేం చేస్తామో ఆ నీళ్లకూ అన్నీ చేస్తాం. అవే మందులు, అదే మిషను."

"నీళ్లకు పేగులెక్కడివి? అందులో పురుగులెలా వచ్చాయి?"

"పరీక్షకు మేం వాడే మందుల్లోనే ఎప్పుడూ కొంచెం ఉంటాయండీ. మనిషి శాంపిల్‌లో సరుకు బాగా ఉంటే ఇవి కనబడవు. సరుకు లేకపోతే ఇవే పైకి తేలతాయి."

"అంటే మా అమ్మాయి గొట్టంలో మీరు చూసింది..."

"మా మందునే అయ్యుండొచ్చు. శాంపిల్ ఎలా తీశారు?"

నర్సు దూది పుల్ల ఇచ్చిందనీ, పిల్ల తనే తీసి మూత పెట్టిందనీ చెప్పాను. పిల్లకు ఫోన్ చేసి అడగమంది.

"పుల్లకు బాగా అంటిందా తల్లీ?"

"అంటింది. కానీ చూడ్డానికి అసహ్యంగా ఉందని కడిగేసి పెట్టాను."

"కడిగావా?"

"సబ్బు పెట్టలేదులే అమ్మా."

ల్యాబ్ అమ్మాయి మొహం పక్కకు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి.

ఈసారి చిన్న డబ్బా, చెంచా ఇచ్చింది. తెచ్చిన వెంటనే గడ్డకట్టే పెట్టెలో పెట్టింది. నాదీ మళ్లీ తీసుకుంది. "కొన్ని సూక్ష్మజీవులకు పెంకు గట్టిగా ఉంటుందండీ, మందు పోసినంత మాత్రాన పగలదు. ఈసారి గాజుపూసలు వేసి గిలకొడతాను," అంది. నేను అద్దం బయట నిలబడి విన్నాను. గొట్టాల్లో పూసల చప్పుడు నిద్రలో ఎవరో పళ్లు కొరుకుతున్నట్టుంది.

ఫలితం వచ్చిన రోజు డాక్టరు గారు నన్నూ పిచ్చుకనూ కూర్చోబెట్టారు. దాని పట్టీలో రంగులొచ్చాయి. పల్చగా, అక్కడక్కడ. "ఇవి మీ అమ్మాయివే. కోలుకుంటున్నాయి. మీవి పెట్టాల్సిన పని లేదు, వీటినే పెరగనిద్దాం," అన్నారు.

ఊపిరి పీల్చుకోబోతూ నా పట్టీ చూశాను. మొన్న లేని నల్లరంగు అందులో బెత్తెడు వెడల్పున ఉంది.

"ఇదెప్పుడు వచ్చిందండీ?"

"రావడం కాదమ్మా, మొదటి నుంచీ ఉన్నదే. అప్పుడు పెంకు పగల్లేదు, కనబడలేదు. మీకేమీ హాని లేదు. కానీ నీరసంగా ఉన్న ఒంట్లోకి దీన్ని పంపకపోవడమే మంచిదైంది."

తొందరపడి ఉంటే, నాలో నాకే తెలియకుండా దాక్కున్నది పిచ్చుక కడుపులోకి చేరేది.

కానీ నేను చూస్తున్నది మూడో పట్టీని. బూడిదరంగు అంచున వెంట్రుకవాసి పచ్చగీత ఒకటి. ఆ పచ్చరంగు నాలో లేదు. పిచ్చుకలో ఉంది.

పిచ్చుకను కింద నడవాలో కూర్చోబెట్టి, ల్యాబులోకి పోయి ఆ పచ్చగీత గురించి అడిగాను.

"గొట్టాలు పక్కపక్కనే పెడతాం కదండీ, ఒక్కోసారి చుక్క చిందుతుంది," అంది ల్యాబ్ అమ్మాయి.

"అయితే ఎవరూ కానిదాంట్లో మా పిల్లది ఉందన్నమాట."

"చాలా కొంచెం."

"ఈసారి అసలు దాన్ని పెట్టకుండా ఉండాల్సింది."

"అది లేకపోతే మిగతా వాటిని నమ్మలేమండీ. ప్రతిసారీ ఉండాల్సిందే."

"ఆ గొట్టాన్ని ఏం చేస్తారు?"

"కాల్చేస్తారు."

నా మొహం చూసి, అడక్కుండానే బయటకు తీసి చూపించింది. చిటికెనవేలంత కూడా లేదు. అడుగున చుక్క నీళ్లు, తేటగా ఉన్నాయి. దాన్ని ఎర్రడబ్బాలో వేయబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు.

"అమ్మా, ఆకలేస్తోందే," అని నడవాలోంచి పిచ్చుక కేకేసింది. ఎన్నాళ్లకు విన్నానో ఆ మాట.

నేను చెయ్యి వదిలేశాను. గొట్టం డబ్బాలో పడింది, మూత పడింది. వస్తున్నా అంటూ నడవాలోకి నడిచాను.