మే నెలలో చల్లటి చేతులు

మే నెల మధ్యాహ్నం. కాకి కూడా గొంతు విప్పని ఎండ. అలాంటి ఎండలో ఇంటికొచ్చిన మొగుడి చెయ్యి తగలగానే శారద ఉలిక్కిపడింది. ఐసు ముక్కలా ఉంది.

వారం నుంచీ ఇదే వరస. రైతుల మిర్చి అమ్మిపెట్టే అడ్తిదారు వెంకట్రాజం మార్కెట్‌కు పోయి చల్లబడి వస్తున్నాడు. ఇంట్లో ఉన్నది పాత కూలరొక్కటే. అంటే ఏసీ ఉన్న ఇల్లు ఇంకోటుంది. ఇల్లుంటే ఇల్లాలూ ఉంటుంది.

మర్నాడు అతను స్కూటర్ తీయగానే, ఆడబిడ్డ రాజక్కను వెంటేసుకుని వెనకే ఆటో ఎక్కింది.

"మా తమ్ముడు గసొంటోడు కాదే శారదా," అంది రాజక్క. వెంటనే డ్రైవర్‌తో, "జర జోరుగ పోనియ్ బిడ్డా!"

వెంకట్రాజం స్కూటర్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీ ముందు ఆగింది. మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది.

"ఏసీ ఇల్లు గాదు వదినా, మహలే పెట్టిండు!" శారద తలుపు లాగింది.

చలి మొహాన కొట్టింది. ఘాటుకు తుమ్ములు తన్నుకొచ్చాయి. హమాలీలంతా స్వెట్టర్లలో, చెవులకు తువ్వాళ్లతో ఉన్నారు. బస్తాల మీద మాత్రం చొక్కా, బనీను లేకుండా కొండలా వెంకట్రాజం. ఒక్కడే.

"ఏదయ్యా, ఎక్కడ దాచినవ్?"

"ఈడనే ఉన్నదట," అతను మెడ కింద తడుముకున్నాడు. "బ్రౌన్ ఫ్యాట్. మన దీప్తే చెప్పింది."

దీప్తి రాజక్క కూతురు, డాక్టరీ చదువుతోంది. రాజక్క ఫోన్ కలిపి స్పీకర్ పెట్టి కేకలేసింది.

"నిజమే అమ్మా," అంది దీప్తి. "చలి తగిలితే మెదడు నరాలతోని కబురు పంపుతది. నరాల చివర్ల ఒక హార్మోను ఊరి ఆ కొవ్వును లేపుతది. అది మామూలు కొవ్వు లెక్క శక్తిని దాచుకోదు, పొయ్యి లెక్క కాలుతది. థైరాయిడ్ హార్మోను ఇంకింత ఎగదోస్తది. కానీ లావైనోళ్లల్ల ఆ పొయ్యి సరిగ అంటుకోదు. పరీక్షకు చదువుకుంట చెప్పిన గానీ, కోల్డ్ స్టోరేజీల కూసోమన్ననా మామా?"

"బరువు తగ్గితేనే మోకాళ్ల ఆపరేషనన్నడు పెద్ద డాక్టరు," గొణిగాడు వెంకట్రాజం. "చెప్తే ఫికర్ చేస్తవని..."

"మరి తగ్గినవా?"

హమాలీ కట్టయ్య నోరు విప్పాడు. "మూడు కిలోలు పెరిగిండమ్మా. బస్తాల కాంటా మీద నేనే తూస్తాన. బయటికి పోంగనే చలి ఇడువాలని మిర్చి బజ్జీలు తింటాండు."

"చలికి ఆకలి పెరుగుతది మరి," అంది ఫోన్‌లో దీప్తి.

"ఎన్ని బజ్జీలు?" శారద మెల్లగా అడిగింది.

అంత చలిలో వెంకట్రాజం నుదుటి మీద చెమట పట్టింది.

"దీప్తీ! పొయ్యి అంటుకున్నది!" అని అరిచాడు.

"అది కొవ్వు కాదు మామా, అత్తమ్మ భయం. అది గూడ నరాల పనే."

శారద చొక్కా విసిరింది. "తొడుక్కో. రేపటి సంది నీ తిండి నా చేతుల ఉంటది. నడువ్."

"మీరు పోండ్రి," బస్తా మీద సర్దుకుంది రాజక్క. "నేను జరసేపు ఈడనే కూసుంట."

బయట ఎండ మండిపోతోంది. స్కూటర్ అక్కడే వదిలేసి ఇద్దరూ ఆటో ఎక్కారు. ఇల్లు చేరేదాకా శారద ఆ చల్లటి చేతిని చెంపకు ఆనించుకునే ఉంది.