వాల్టర్ సాబ్ ఖాతాకు వారసురాలు

1997 సెప్టెంబరు 5, శుక్రవారం. జుమా నమాజు ముగిసిన తరువాత, మస్కట్‌లోని ఘుబ్రా పేటలో కామర్స్ టీచరు షైస్తా ఇంట్లో ముగ్గురు కూర్చున్నారు: షైస్తా, కడప నుంచి వచ్చి పన్నెండేళ్లుగా ఇళ్లలో పనిచేస్తున్న జైనబీ, ఆమె అన్న ఖమరుద్దీన్.

బల్ల మీద అమెరికా నుంచి వచ్చిన కాగితాలు రెండున్నాయి. జైనబీ ఆరేళ్లపాటు అన్నం తినిపించి, పక్కబట్టలు మార్చి కాపాడిన వాల్టర్ అనే ముసలి అమెరికా ఇంజనీరు కిందటి డిసెంబరులో చనిపోయాడు. తన రిటైర్మెంటు ఖాతాలోని నలభై వేల డాలర్లకు ఆమెనే వారసురాలిగా రాశాడు. మొదటి కాగితం మీద సంతకం చేస్తే ఆ సొమ్ము ఆమెకు వస్తుంది. రెండో దాని మీద చేస్తే హక్కు వదులుకున్నట్టే. అంతా వాల్టర్ అన్న కొడుక్కి పోతుంది. గడువు ఇక వారం కూడా లేదు.

జైనబీ కొంగు ముడి విప్పి నాలుగు బంగారు గాజులు బల్ల మీద పెట్టింది.

"ఇవి ఉంచుకోండి ఆపా. పన్ను ముందే కట్టాలంట కదా. చాలకపోతే ఆ రెండోదాని మీదే సంతకం పెట్టేస్తా."

"ఎవరు చెప్పినారు?"

"భాయే. అమెరికా సర్కారుకు ఒక పన్నంట, వాళ్ల రాష్ట్రానికి ఇంకోటంట. కట్టకపోతే ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారంట."

చదువరులు ఆమెను చూసి నవ్వకూడదు. వీసాకూ, ఎన్.ఓ.సి.కీ, ఆఖరుకు సెలవు చీటీకీ ముందు డబ్బు పోస్తేనే కాగితం కదిలే బతుకు ఆమెది. పన్నూ అలాగే ముందుగా ఎవరి చేతిలోనో పెట్టాలని నమ్మింది.

షైస్తా గాజులను వెనక్కి జరిపింది.

"నీ చేతి నుంచి ఒక్క రియాలు కాదు, ఒక్క బైసా కూడా కట్టే పనిలేదమ్మా. నువ్వు అమెరికా మనిషివి కావు గనక, అక్కడి కేంద్ర ప్రభుత్వం ఆ సొమ్ములోనే నూటికి ముప్పై పట్టుకొని మిగతాది పంపుతుంది. రాష్ట్రం వేసే పన్ను అక్కడ కాపురముండే వాళ్లకు. నువ్వుండేది మస్కట్‌లో, నీ జోలికి రాదు. ఇరవై ఎనిమిది వేల డాలర్లు నీవి."

జైనబీ దాన్ని డాలర్లలో లెక్కవేయలేదు. కూతురు తయ్యబా నర్సింగు చదువు. ఆ తరువాత తాను ఇల్లు చేరడం. ఆమె చేయి మొదటి కాగితం వైపు కదిలింది.

"బాగా చెప్పినారు మేడం," అన్నాడు ఖమరుద్దీన్ నింపాదిగా. "ముసలి దొర పనిమనిషికి ఎందుకు రాసిచ్చినాడని కడపలో అడిగితే, అదీ మీరే వచ్చి చెప్తారా?"

"భాయ్!"

"ఏందే భాయ్? నీ కూతురు తింటా ఉండేది కడపలో నా ఇంట్లో. ఆ దుడ్డు ముట్టుకో, రేపే బయటికి తోలేస్తా. తల్లి ఎట్లా సంపాదించిందో వీధంతా చెప్పి మరీ తోలేస్తా. ఆ దొర అన్న కొడుకు నా కొడుకు ఇమ్రాన్‌కు తన కంపెనీలో పని ఇస్తానన్నాడు. నీ సంతకం వస్తేనే."

"అంటే పన్ను సంగతి మీకు ముందే తెలుసా?" అంది షైస్తా.

"పదేళ్లుగా ఈడ సర్కారు కాగితాలు నింపే టైపింగ్ ఆఫీసులో ఉండా. తెలీకేం?"

షైస్తా జైనబీ భుజం పట్టుకుంది. "పిల్లను హాస్టల్లో పెడదాం. భయపడొద్దు."

"కాలేజీ ముందర నిలబడి ఈయన అరిస్తే హాస్టలేం చేస్తుంది ఆపా?"

షైస్తా ఖమరుద్దీన్ వైపు తిరిగింది. "పరాయి దేశం నూటికి ముప్పై తీసుకొని ఆగిపోయింది, దానికొక చట్టం ఉంది కాబట్టి. మీరు నూటికి నూరూ తీసుకుంటున్నారు. ఆడదాని కష్టార్జితాన్ని ఆమె పరువు చూపించి లాక్కునే అన్నదమ్ములున్నంత కాలం, ఏ దేశపు చట్టం ఆమె పేర ఎంత రాసినా ఆమెకు దక్కదు."

"సంతకం కానీయండి మేడం. అసర్ నమాజు టైం అవుతా ఉంది."

వేలిముద్ర వేయవద్దని నిరుడు షైస్తా నేర్పిన అక్షరాలతో, జైనబీ రెండో కాగితం మీద తన పేరు పూర్తిగా రాసింది. ఖమరుద్దీన్ సిరా ఆరేదాకా ఊది, కాగితాన్ని మూడు మడతలు పెట్టి, చొక్కా జేబులో ఉంచుకొని గుండీ పెట్టాడు.