ఈకల చెకిచ్

మా ఇంట్లో నాన్‌ని తాకిన వస్తువు చెత్తలోకి పోదు. విరిగిన పీటైనా, అరిగిన చెకిచ్ అయినా, దాని పని తీరిందంటే తందూరులో నిప్పుల మీద వేస్తాం. పనికిరాదన్న వస్తువు ఇంట్లో పడి ఉంటే బరకత్, ఇంటి సిరి, పోతుందని మా నాన్న అనేవాడు.

చెకిచ్ అంటే పెద్ద వస్తువేం కాదు. పిడికిట్లో ఇమిడే కొయ్య పిడి, అడుగున ముళ్లు. నాన్ నడుమ దానితో పొడిస్తే అక్కడ పిండి పొంగదు, అంచు మాత్రమే పొంగుతుంది. పొడిచిన చోట పువ్వు పడుతుంది. నాది బజారులో కొన్న ఇనప ముళ్లది. మా అమ్మ తుర్సునాయ్‌ది పెద్దబాతు ఈకల కాడలు గుచ్చినది. ఈకలు అరిగితే మార్చుకోవచ్చు. కానీ ఆ మల్బరీ కొయ్యకు చిల్లులు వేసింది అమ్మ వాళ్ల తాత. ఆ చిల్లుల వరసే మా పువ్వు. మా కోకంద్ ఊళ్లో ఇంకెవరి నాన్ మీదా అది పడదు.

మా చెల్లెలి కూతురు జుల్ఖుమార్ సెలవులకు వచ్చి, ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వంలో చెకిచ్ గురించి ఒక వ్యాసం పెట్టింది. అమ్మ పువ్వు అందులో ఉండిపోవాలని దాని ఆశ. నేను పోయాక ఈ తందూరు ఎలాగూ ఆరిపోతుంది. నాకు పిల్లలు లేరు.

"అమ్మమ్మా, దాన్ని ఇటు తిప్పు, ఫొటో తీస్తా."

"పళ్లూడిన మొహానికి ఫొటో ఏంటే? కొత్త ఈకలు కట్టనీ. కడిగి ఎండబెట్టాను."

"పళ్లూడింది దానికా, నీకా?"

"ఇద్దరికీనూ. కావాలంటే నన్ను తీసుకో, దాన్ని మాత్రం తియ్యకు."

ఆ ఈకలు ఆరేలోపే ఆ వ్యాసం మీద గొడవ మొదలైంది. ఇంత చిన్న వస్తువుకు వేరే వ్యాసం ఎందుకని ఎవరో అడిగారట. సాయంత్రం టీ దగ్గర జుల్ఖుమార్ ఫోన్ చూసి చదివింది. "నాన్ వ్యాసంలో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. గరిటెకీ చెంచాకీ వ్యాసాలు మొదలుపెడితే ఎక్కడ ఆగుతాం?" అని ఒకడు. "దీని గురించి ఏ పుస్తకంలో ఉంది?" అని ఇంకొకడు. తీసేయడమే మంచిదని చాలామంది రాశారు.

"ఎవరే వీళ్లంతా?" అంది అమ్మ.

"తెలీదమ్మమ్మా. మారుపేర్లతో రాస్తారు."

"దాన్ని చూశారా?"

"లేదు."

"నాన్ తింటారా?"

"తినకుండా ఎలా ఉంటారు?"

"తింటూనే అంటున్నారమ్మా," అన్నాను నేను. "చదువుకున్నవాళ్లు కదా. తినేది కడుపు, తీర్పు చెప్పేది నోరు. నీ చెకిచ్‌కి ఒక్క వాక్యం చాలట."

"నువ్వూరుకో మామయ్యా. ఇంకా తేలలేదు. రేపొక పెద్దాయన పుస్తకాల్లో వెతికి చూస్తానన్నారు."

అమ్మ పియాలా కప్పులో చల్లారిన టీ పారబోసి లేచి వెళ్లింది.

పొద్దున్నే మొదటి వాయికి నేను పిండి ముద్దలు పరుస్తుంటే అమ్మ వచ్చింది. ఒక ముద్దను తన ముందుకు లాక్కుని, ఆ బోసి చెకిచ్‌తోనే నడుమ ఒత్తింది. ఈకలు అరిగిపోయినందుకు రెండోసారి గట్టిగా ఒత్తాల్సి వచ్చింది. పువ్వు పడింది. ఆ నాన్‌ని నేను తందూరు గోడకు అంటించాను. తిరిగి చూసేసరికి ఆమె చేతిలో చెకిచ్ లేదు. ఈకలు కాలిన వాసన వచ్చింది.

"అమ్మా, ఏం చేశావు?"

"పని లేదన్నారుగా. పరాయివాళ్ల నోళ్లలో నానడం కంటే ఇదే మర్యాద."

చువ్వతో గెలికాను. కొయ్య అప్పటికే అంటుకుంది.

పక్కింటి ఎర్గాష్ ఎప్పటిలాగే మొదటి నాన్ కోసం వచ్చాడు. "సత్వల్దీ, మొహం అలా పెట్టావేం? పిండి పులిసిందా, నువ్వే పులిశావా?" అన్నాడు. అప్పుడే గంపలోకి తీసినవాటిలో పైన కనబడిన నాన్ పట్టుకుని, ఊదుకుంటూ, అక్కడే తుంచి తినడం మొదలుపెట్టాడు.

నాన్‌లు అన్నీ గంపలోకి తీశాక జుల్ఖుమార్ చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"మామయ్యా, ఉంచుతారట. ఆ పెద్దాయనకి ఏదో పాత పుస్తకంలో ఈకల చెకిచ్ గురించి ఒక పేరా దొరికింది. ఫొటో ఒక్కటి పెడితే చాలన్నారు. అమ్మమ్మా, ఈకలు కట్టకపోయినా పర్లేదు, అలాగే తీస్తా. ఏదీ?"

అమ్మ తందూరు వైపు చూసింది. జుల్ఖుమార్ కూడా అటు చూసింది. దానికి ఎవరూ వివరించనక్కర్లేదు, అదీ ఈ ఇంటి పిల్లే. మెల్లగా అడిగింది.

"దాంతో పొద్దున్న ఏమన్నా ఒత్తావా?"

నేను ఎర్గాష్ వైపు చూశాను. వాడి చేతిలో అంచు ముక్క ఒకటి మిగిలింది.

"ఏంటి? నాన్ తినడానికే కదా?" అన్నాడు. తప్పు పట్టడానికేముంది.

వ్యాసం ఉంది. కావాలంటే చూసుకోవచ్చు. అందులో ఉన్న ఫొటో నా బజారు చెకిచ్‌ది, ఇనప ముళ్లది. ఒకప్పుడు ఈకలతో కూడా చేసేవారని కింద ఒక వాక్యం ఉంది. జుల్ఖుమార్ చదివి వినిపిస్తే అమ్మ తలూపింది, అంతే. అమ్మ ఇప్పుడు నాన్ నడుమ వేళ్లతో ఒత్తుతోంది. పువ్వు పడదు, గుంటలు పడతాయి.

కడిగి ఆరబెట్టిన ఈకలు కిటికీ గట్టు మీద గుడ్డలోనే ఉన్నాయి. అవి నాన్‌ని తాకలేదు కాబట్టి చెత్తలో పడేసినా తప్పు లేదు. ఎవరమూ పడెయ్యలేదు.